పెరట్లో సముద్రం

మా ఆయన మా పడగ్గది తలుపు కొట్టి లోపలికి వస్తారు. ఎవరికైనా చెబితే నవ్వుతారు గానీ, నిజం. వేలి కణుపులతో రెండుసార్లు మెల్లగా కొట్టి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు తలుపు తీస్తారు. "ఇది మన గదే మహానుభావా, లోపలున్నది మీ పెళ్ళామే" అని మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత విసుక్కున్నాను. ఇప్పుడు ఊరుకుంటున్నాను. ఓడలో గదులు సర్దడం, బల్లలు వేయడం, వడ్డించడం, మళ్ళీ అన్నీ తీసి తుడవడం, ఇదే పనిలో ఆయన వయసంతా గడిచిపోయింది. మా వీధిలో అందరూ ఆయన్ని "కెప్టెన్‌గారూ" అని పిలుస్తారు. ఆయన కెప్టెన్ కాదు, కెప్టెన్‌కి కాఫీ అందించిన మనిషి. అలా పిలిచినప్పుడల్లా చెవులు ఎర్రబడతాయి తప్ప, "కాదండీ" అని ఒక్కసారైనా అనరు. అలాంటి మనిషిని కట్టుకున్నాక ఇద్దరి మాటలూ నేనే మాట్లాడాల్సి వచ్చింది.

ఈ చలికాలం చివర్లో ఉద్యోగం ముగించుకుని ఇంటికొచ్చేశారు. ఇక ఎక్కడికీ వెళ్ళరు కదా అని నేను నిమ్మళంగా ఉన్నాను. ఎండలు ముదిరాక ఒకరోజు వంటింటి గట్టు తుడుస్తూ, పాలవాడు వచ్చి వెళ్ళాడని చెప్పినంత మామూలుగా చెప్పారు.

"కంపెనీవాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారోయ్. ఇంకో రెండేళ్ళకి."

"మీరేమన్నారు?"

"ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తామన్నారు. అప్పుడు చెబుతానన్నాను."

"ఏం చెబుతారు?"

"చూద్దాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. చూడ్డానికేముంది అందులో? ఉంటే ఉంటానను, పోతే పోతానను! కానీ ఆయన అప్పటికే గుడ్డ పిండి ఆరేసి, దాని కొసలు సమంగా సర్దుతున్నారు. ఆ మనిషికి ఇంట్లో ఇంకే పనీ లేదు పాపం. గట్టు తుడవడం, దుప్పట్లు మడవడం, అందరి తినడాలూ అయ్యాక వంటింట్లో నిలబడి తినడం. ఎన్నిసార్లు పిలిచినా బల్ల దగ్గరకి రారు. "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాలే" అంటారు.

ఆయన వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఈ ముక్క మీతో చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు. ఆయనతో చెప్పడానికే నోరు రాలేదు. ఉండండి అని నేను బతిమాలడమేమిటి? ఉండాలని ఆయనకుండాలి గానీ! ఇలా నాలో నేనే పోట్లాడుకుంటూ మా అమ్మాయికి ఫోన్ చేశాను.

"నాన్నకి సముద్రం మీద బెంగమ్మా" అంది అది. "పొద్దుటే లేచి కిటికీ దగ్గర నిలబడి చూస్తుంటారు, గమనించావా?"

ఆ కిటికీలోంచి కనబడేది పక్కింటి నీళ్ళ ట్యాంకు. అయినా అమ్మాయి మాట నా మనసులో నాటుకుపోయింది. సముద్రమేగా కావాలి? ఇంటికే తెచ్చిపారేస్తే సరి! ఆదివారం సాయంత్రం పెరట్లో అందరం కలిసి భోజనం చేద్దాం, బల్లంతా సముద్రంలా సర్దేద్దాం, అది చూసి ఆయన మనసు కుదుటపడుతుంది, అందరి ముందూ "నేను వెళ్ళడం లేదు" అని తనంతట తనే అంటారు. ఇదీ నా ఎత్తు. అమ్మాయి వెంటనే ఫోన్లో బొమ్మలు పంపింది. బల్ల మీద గవ్వలూ, తాళ్ళూ, సీసాల్లో ఇసకా, ఏమేమిటో.

నేను ముందుగదిలో కర్టెన్లు కుట్టే దుకాణం నడుపుతాను కాబట్టి గుడ్డ సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు. నడుమ ఇసకరంగు, దానికి రెండు పక్కలా లేత నీలం, అంచులకి ముదురు నీలం, ఇలా పట్టీలు పట్టీలుగా జతచేసి బల్లగుడ్డ కుట్టాను. ఇసకా నీలమూ కలిసే చోట తెల్లదారంతో వంకర టింకరగా అలలు వేశాను. ఆరుబయట గాలికి గుడ్డ లేవకుండా, పొడవాటి కర్టెన్లకి వేసినట్టే నాలుగు మూలల్లోనూ మడతలో సీసం బిళ్ళలు పెట్టి కుట్టేశాను. పక్కింటి సంగీతం టీచరు తన పొడవు బల్ల ఇచ్చింది. రంగుచేపలు అమ్మే దుకాణంలో గవ్వలూ, తెల్లటి ఇసకా దొరికాయి. జాడీల్లో ఇసక పోసి మధ్యలో కొవ్వొత్తులు గుచ్చాను. ఆకుపచ్చ సీసాలు కడిగి మంచినీళ్ళకి పెట్టాను. మా ఇంట్లో ఉన్న ఆరు కుర్చీలూ పెరట్లోకి మోసి, గోడ నీడ పడే వైపున బల్ల వేశాను. నడుం పడిపోయిందనుకోండి.

ఆయన ఊరికే చూస్తూ ఉండలేరు కదా. "నాకేమైనా పని చెప్పవోయ్" అంటూ నా వెనకాలే తిరుగుతున్నారు. ఇస్త్రీ చేస్తూ రుమాళ్ళ దొంతర చేతిలో పెట్టాను.

"ఇవి మడిచి, తాడు చుట్టి, తాడుకో గవ్వ తగిలించి ప్లేట్ల మీద పెట్టండి."

ఆయన వాటిని వేలితో విడదీసి చూసుకున్నారు. "ఇవేనా?"

"ఇవే. ఏం, చాలవా?" అన్నాను తల ఎత్తకుండానే.

దొంతర అంచులు సమంగా సర్దుకున్నారు. తర్వాత "చాల్తాయి" అన్నారు.

రుమాళ్ళని తెరచాపల్లా మడిచారు. అబ్బ, ఏం మడత! నేను ఇన్నేళ్ళుగా గుడ్డలతో బతుకుతున్నా అంత పదునైన మడత నా చేతికి రాదు. నేను పొంగిపోయి గవ్వలు పరుస్తూ మాటల్లోకి దింపాను.

"మీ ఓడలో బల్లల మీద గవ్వలు ఇలాగే పరిచేవారా?"

"గవ్వలెక్కడివి? అవి ఒడ్డున కదా ఉండేవి" అన్నారాయన. "మేం ప్లాస్టిక్ పూలు పెట్టేవాళ్ళం. గోడ మీద పేద్ద తోట బొమ్మ ఉండేది. ఓ బెంచీ, పక్కన గులాబీలు. తినడానికొచ్చిన వాళ్ళందరూ ఆ బొమ్మ ఎదురుగానే కూర్చుంటామనేవాళ్ళు."

"మరి సముద్రం కనబడేది కాదా?"

"గిన్నెలు కడిగే చోట గుండ్రటి కిటికీ ఒకటుండేది. దానికెప్పుడూ ఆవిరి పట్టేసేది."

నా ఉత్సాహం మీద నీళ్ళు పోసినట్టయింది. తెచ్చిన గవ్వలన్నీ నా వైపు చూసి వెక్కిరిస్తున్నాయి. అయినా నేను వెనక్కి తగ్గే రకాన్నా? ఇంకో గుప్పెడు పరిచాను.

బట్టలు మార్చుకుని తిరిగొచ్చేసరికి చూస్తే, ఆయన చెంబుతో నీళ్ళు పట్టుకుని నా బల్లగుడ్డ మీద చిలకరిస్తున్నారు! పొద్దుటంతా నిలబడి ఇస్త్రీ చేసిన గుడ్డ. లేత నీలం మీద నల్లగా మచ్చలు మచ్చలు.

"అయ్యో అయ్యో, ఏం చేస్తున్నారండీ మీరు?"

"గాలి లేచింది. గుడ్డ కాస్త తడిగా ఉంటే ప్లేట్లు జారవు. ఓడ ఊగినప్పుడు ఇలాగే..."

"ఇల్లు ఊగుతుందా? మన పెరడు ఎప్పుడైనా ఊగడం చూశారా మీరు? అందుకే కదా నేను మూలల్లో సీసం కుట్టి చచ్చాను!"

ఆయన చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "అలవాటోయ్" అన్నారు చివరికి. ఆ మాట అన్న తీరుకి నా కోపం సగం చచ్చిపోయింది గానీ, నోరు ఊరుకోలేదు. మిగతా సగం కూడా కక్కేసి గానీ ఆపలేదు. అప్పుడే అమ్మాయీ అల్లుడూ గేటు తీసుకుని వచ్చారు. "ఊరుకో అమ్మా, తడిస్తే ఇంకా సముద్రంలా ఉంది" అని అమ్మాయి సర్దిచెప్పింది.

వెనకాలే మా ఆడపడుచూ, వాళ్ళాయనా దిగారు. మా ఆడపడుచు నోరు నా నోటికి సరిజోడు. వాళ్ళాయన బస్సు నడుపుతాడు. ఆకలికి ఆగలేని మనిషి. బల్లని చూసి అందరూ కళ్ళింతలు చేసుకున్నారు.

"ఏం వదినా, నీ కర్టెన్ల దుకాణం ఎత్తేసి హోటల్ పెడుతున్నావా?" అంది ఆడపడుచు. అది దాని మెచ్చుకోలు.

అందరం కూర్చున్నాం. ఎండ తగ్గింది, గాలి హాయిగా ఉంది. కాల్చిన చేపలు, వెన్న రాసిన బంగాళాదుంపలు, కీరా ముక్కలు, పుచ్చకాయ. పళ్ళ డాక్టరైన మా అల్లుడు గ్లాసులో మంచుముక్కలు వేసుకున్న ప్రతివాళ్ళకీ "కొరక్కండి, పళ్ళు చీలతాయి" అని చెబుతున్నాడు. మా ఆయన మడిచిన తుండు ఒకటి ముంజేతి మీద వేసుకుని కుర్చీల వెనక తిరుగుతున్నారు. ఎవరి గ్లాసు ఖాళీ అయినా క్షణంలో నిమ్మరసం నిండిపోతోంది. ప్లేటులో ముల్లు కనబడితే మాయమైపోతోంది. అడుగుల చప్పుడే లేదు.

"మీరూ రండి మామయ్యగారూ" అన్నాడు అల్లుడు.

"వస్తా, వస్తా. మీరు కానివ్వండి."

"ఓడలో కూడా ఇంత మర్యాదేనా బావా? అయితే నేనూ టికెట్టు తీసుకుంటా" అన్నాడు బస్సాయన, నోటి నిండా చేపతో. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. అంతా నేననుకున్నట్టే జరుగుతోందని నాకు లోపల్లోపల పొంగిపోతోంది. ఇదే సమయం అనుకున్నాను.

"ఏమండీ, కంపెనీవాళ్ళు ఇంకాసేపట్లో ఫోన్ చేస్తారు కదా. ఏం చెప్పబోతున్నారో అందరూ వింటారు, చెప్పండి."

ఆయన చెల్లెలి ప్లేటులో చేపముక్క పెడుతున్నారు. ముక్క విరక్కుండా జాగ్రత్తగా పెట్టి, గరిటె వెనక్కి తీసుకుని అన్నారు.

"వెళ్దామనుకుంటున్నాను."

అమ్మాయి నా వైపు చూసింది. బస్సాయన నమలడం ఆపేశాడు. నాకు ఏడుపు రావాల్సిన చోట ఎప్పుడూ కోపమే వస్తుంది, అదేం ఖర్మో!

"ఏమిటీ? నిలబడి, చేతిలో గరిటె పట్టుకుని చెప్పే మాటా ఇది? నేనింత చేస్తే, ఇంత గుడ్డ కుట్టి, ఇన్ని గవ్వలు పరిచి... ముందు కూర్చోండి మీరు! కూర్చుని చెప్పండి ఏం చెబుతారో!"

ఆయన కూర్చోలేదు. ఇబ్బందిగా అటూ ఇటూ చూశారు. ఆయన చూస్తున్న వైపు నేనూ చూశాను.

కూర్చోడానికి కుర్చీ లేదు. అయిదు కుర్చీల్లో మేం అయిదుగురం ఉన్నాం. ఆరో కుర్చీ బల్ల చివర ఉంది. దాని మీద మంచుముక్కల బకెట్టు ఉంది. దాన్ని అక్కడ పెట్టింది నేనే. ఎత్తుగా ఉంటే అందరికీ అందుతుందని పెట్టాను. ఆ కుర్చీ ముందు ప్లేటు లేదు, గ్లాసు లేదు, గవ్వ కట్టిన రుమాలు లేదు. ఆ మనిషిని ఇంట్లో ఉంచుకోవడానికి బల్ల వేసి, ఆ మనిషికే చోటు వెయ్యలేదు నేను.

నా నోరు పెగల్లేదు. నా నోరు!

ఎలా మర్చిపోయానంటే, చెబుతాను. మర్చిపోవడం కాదది. అమ్మాయి చిన్నప్పుడు, ఆయన ఓడ మీద ఉన్నప్పుడు కూడా పండక్కీ పుట్టినరోజుకీ ఆయన ప్లేటు పెట్టేదాన్ని. ఎదురుగా ఆ ఖాళీ ప్లేటు ఉంటే నాకు ముద్ద దిగేది కాదు. అమ్మాయేమో "నాన్నెప్పుడొస్తాడు" అని మొదలుపెట్టేది. ఇక లాభం లేదని తీసెయ్యడం మొదలుపెట్టాను. పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకోవడం నేర్చుకున్నాను. కొన్నాళ్ళకి చెయ్యి అటు వెళ్ళడమే మానేసింది. ఇల్లంటే ఆయన్ని వదిలేసి లెక్కపెట్టుకోవడమే అయిపోయింది నాకు. ఇప్పుడు మనిషి ఎదురుగా ఉన్నా నా చేతికి ఆ సంగతి తెలియలేదు.

"మీరు చూశారా?" అన్నాను. "ముందే చూశారా?"

"రుమాళ్ళు అయిదే ఇచ్చావు కదా. అప్పుడే తెలిసింది."

"మరి చెప్పొచ్చు కదండీ!"

"ఏమని చెప్పను?" అన్నారాయన. గొంతులో కోపం లేదు, అదే నన్ను కోసేసింది. "నాకూ ఒకటి పెట్టమని మన ఇంట్లో నేనే అడగనా? నీ తప్పేం కాదోయ్. నేను లేకపోయినా ఈ ఇల్లు చక్కగా నడిచింది, నడుస్తోంది. అంతా నువ్వే చూసుకున్నావు. నేనొచ్చి నీ కాళ్ళకి అడ్డం పడుతున్నాను. అక్కడైతే నాకో పనుంటుంది."

మా ఆడపడుచు చేతిలో గ్లాసు కింద పెట్టేసింది. దాని కళ్ళలో నీళ్ళు తిరగడం నేను పెళ్ళయ్యాక చూడ్డం అదే మొదటిసారి.

పెళ్ళైన కొత్తలో మా అత్తగారు నాకొక మాట చెప్పింది. వెళ్ళే మనిషిని వద్దని లాగకమ్మా, అక్కడ వాడికి పని మీద మనసు నిలవదు, నీళ్ళ మీద బతుకు, ఏమరుపాటు పనికిరాదు అంది. నేను ఆ మాట పట్టుకున్నాను. ఆయన పెట్టె సర్దినప్పుడల్లా చకచకా సాయం చేశాను. గుమ్మంలో నవ్వుతూ చెయ్యి ఊపాను. తలుపేసుకున్నాక ఏం చేశానో ఆయనకెలా తెలుస్తుంది? ఆయన చూసిందల్లా నవ్వు మొహమే. ఒక మనిషిని అన్నిసార్లు నవ్వుతూ పంపించేస్తే, ఆ మనిషి ఏమనుకోవాలి?

కుర్చీలోంచి లేచాను. లేచేటప్పుడు నా మోకాలు తగిలి బల్ల కదిలి, గవ్వలు గలగలమని కిందపడ్డాయి.

"వెళ్ళకండి" అన్నాను.

ఆయన గరిటె పట్టుకుని నా మొహంలోకి చూశారు. "ఏమన్నావు?"

"వెళ్ళొద్దంటున్నాను. చెవుడా మీకు? వెళ్ళొద్దు! నాకు మీరు ఇంట్లో కావాలి. గట్టు తుడవక్కర్లేదు, దుప్పట్లు మడవక్కర్లేదు, ఏ పనీ చెయ్యక్కర్లేదు. ఊరికే ఉండండి, నా కాళ్ళకి అడ్డం పడుతూ ఉండండి. ప్రతిసారీ అందామనుకున్నాను. ప్రతిసారీ మింగేశాను. ఇక నా వల్ల కాదు."

అని, అందరి ముందూ భోరున ఏడ్చేశాను. ఏడుస్తూనే వెళ్ళి బకెట్టు ఎత్తాను. సగం మంచు నా కాళ్ళ మీదే ఒలికింది. అల్లుడు సాయానికి రాబోతే "నువ్వు కూర్చో బాబూ" అని గదిమాను. కుర్చీ తడిసి ఉంది. నేను కుట్టిన గుడ్డ కొసతోనే తుడిచాను. లోపలికి పరిగెత్తి ప్లేటు తెచ్చాను, గ్లాసు తెచ్చాను. ఆయన చేతిలోంచి గరిటె లాక్కున్నాను. లాక్కుంటే గానీ ఇవ్వలేదు సుమండీ, పట్టు అంత గట్టిగా ఉంది.

ఆయన కూర్చున్నారు. కుర్చీ అంచున, పిలిస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నారు. నేను చేప వడ్డించాను. నా కంగారుకి ముక్క విరిగి సగం ఇసక జాడీలో పడింది. అమ్మాయి కీరా ముక్కలు వేసింది. బస్సాయన తన ప్లేటులోంచి బంగాళాదుంప తీసి ఆయన ప్లేటులో పెట్టేశాడు. అలాంటి మనిషి తిండి వదులుకున్నాడంటే చూడండి! ఆడపడుచు నిమ్మరసం పోస్తూ, "తిను అన్నయ్యా, చూస్తావేం?" అంది.

ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. "ఉప్పు సరిపోయింది" అన్నారు. ఇంకో ముక్క తీసుకున్నారు. ఆయన కూర్చుని తింటుంటే ఎలా ఉంటుందో నేను అప్పుడే చూశాను. ఎడమ దవడతో నములుతారు. ప్రతి ముక్కకీ కొంచెం కళ్ళు మూసుకుంటారు.

అప్పుడు ఫోన్ మోగింది.

ఆయన ఒక్క ఉదుటున లేచి నిలబడ్డారు. నేను అడిగాను నిజమే, ఆయన ఒప్పుకోలేదు కదా ఇంకా! బస్సాయన ఆయన భుజం మీద చెయ్యేసి, "కూర్చునే మాట్లాడు బావా" అని మళ్ళీ కుర్చీలోకి నొక్కాడు. ఆయన తుండుతో వేళ్ళు శుభ్రంగా తుడుచుకుని ఫోన్ చెవిలో పెట్టుకున్నారు.

"ఆ, నమస్కారమండీ, నేనే... ఆ, ఆలోచించానండీ... లేదండీ, ఈసారి రావడం కుదరదు... ఒంట్లో బానే ఉందండీ... అబ్బే, అలాంటిదేం కాదు, మీరంటే నాకు..."

అవతలివాళ్ళు వదలడం లేదని తెలుస్తోంది. ఆయన మొహమాటంతో నలిగిపోతున్నారు. ఎవరికీ ఎప్పుడూ కాదని చెప్పలేని మనిషి. ఇక అయిపోయింది, ఒప్పేసుకుంటారు అనుకున్నాను. అప్పుడాయన తల ఎత్తి నా వైపు చూశారు. ముక్కు ఎర్రగా, కాళ్ళు తడిసి, గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాను నేను. నన్ను చూస్తూనే కుర్చీలో వెనక్కి జరిగి, నిటారుగా కూర్చున్నారు.

"మా ఇంట్లో వద్దంటున్నారండీ" అన్నారు.

అవతలివాళ్ళకి సరిగ్గా వినబడలేదేమో, వినబడినా ఆయనకే ఇంకోసారి అనాలనిపించిందేమో, ఛాతీ నిండా గాలి పీల్చుకున్నారు.

"మా ఇంట్లో వెళ్ళొద్దంటున్నారండీ! ఒప్పుకోవడం లేదు!"

గోడ అవతల సంగీతం టీచరు పాఠం ఆపేసి చూసింది. ఆయనకి అంత గొంతుందని నాకు ఆరోజు దాకా తెలియదు.